గేటు దాటాక గుర్తొచ్చే తప్పులు

మూడు గంటల గేట్ పరీక్ష ముగిసింది. సెంటర్ బయట షేర్ ఆటో ఎక్కి కూర్చున్నాక ఉన్నట్టుండి తడుతుంది: మూమెంట్ ఆఫ్ ఇనర్షియాను మిల్లీమీటర్ల నుంచి మీటర్లలోకి మార్చడానికి పదికి పన్నెండో ఘాతంతో భాగించాలి, మూడో ఘాతంతో భాగించి వచ్చేశాం! దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, ఇల్లు చేరేలోపు అలాంటివి ఇంకో నాలుగు బయటపడతాయి. ఆ రాత్రి నిద్ర పట్టనివ్వని అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: ఇన్ని తప్పులు గుర్తొచ్చాయంటే పరీక్ష పోయినట్టే.

వాస్తవం: గుర్తొచ్చేవి చాలావరకు తప్పిన లెక్కలు, అనుమానంతో వదిలొచ్చిన లెక్కలే. సరిగ్గా చేసినవాటిని మళ్లీ ఎవరు తలుచుకుంటారు? అందుకే ఈ చిట్టా చూసి మార్కులు లెక్కకట్టలేం. జనరల్ కేటగిరీకి అర్హత మార్కు కూడా ఏటా ఒకటే కాదు. నూటికి 25 ఒకటి, ఆ పేపరు రాసినవాళ్ల సగటుకు స్టాండర్డ్ డీవియేషన్ కలిపితే వచ్చేది ఇంకొకటి. రెంటిలో ఏది ఎక్కువైతే అదే కటాఫ్. పేపరు అందరికీ కొరకరాని కొయ్య అయితే సగటూ దిగుతుంది.

అపోహ: తప్పు పెట్టిన ప్రతి జవాబుకూ మైనస్ మార్కులే.

వాస్తవం: ఒకే జవాబు ఎంచుకునే ప్రశ్నలకే కోత. ఒక మార్కు ప్రశ్నకు 1/3, రెండు మార్కుల ప్రశ్నకు 2/3 పోతుంది. అంకె టైప్ చేసే న్యూమరికల్ ప్రశ్నలకు, ఒకటికి మించి జవాబులుండే ప్రశ్నలకు కోత లేదు. ఆ ఇనర్షియా లెక్క న్యూమరికల్ అయితే రావాల్సిన మార్కు రాలేదంతే, ఉన్నది పోలేదు.

అపోహ: మొదట పెట్టిందే కరెక్టు. అనవసరంగా మార్చి చెడగొట్టుకున్నా.

వాస్తవం: అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1,561 మంది సైకాలజీ విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపి దిద్దిన గుర్తులను పరిశోధకులు లెక్కపెట్టారు. ఆ అధ్యయనం 2005లో అచ్చయింది. మార్పుల్లో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు వెళ్లినవి. ఒప్పు నుంచి తప్పుకు వెళ్లినవి 25 శాతమే. చేజేతులా పోగొట్టుకున్న మార్కు ఎక్కువ మండుతుంది కాబట్టి అదే గుర్తుండిపోతుంది.

అపోహ: కాన్సెప్ట్ వచ్చు, యూనిట్లలో పోయింది. సిల్లీ మిస్టేక్, పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా వెళ్లి యూనిట్ల తేడా వల్లే నాశనమైంది. న్యూటన్-సెకన్లలో ఇవ్వాల్సిన లెక్కను భూమ్మీది సాఫ్ట్‌వేర్ ఒకటి పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది. దాన్ని పట్టుకోవాల్సిన తనిఖీలూ పట్టుకోలేదు. ఇంజినీరుకు యూనిట్లు సరిచూసుకోవడం కూడా సబ్జెక్టే.

అపోహ: రాత్రికల్లా వచ్చే కోచింగ్ కీతో సరిచూసుకుంటే తేలిపోతుంది.

వాస్తవం: ఆ కీ తయారయ్యేది విద్యార్థులు గుర్తుపెట్టుకుని చెప్పిన ప్రశ్నలతో. మీరు నొక్కిన జవాబుల షీటు, అధికారిక కీ తర్వాత వస్తాయి. ఆ కీ తప్పనిపిస్తే రుసుము కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. ఒకే సబ్జెక్టును రెండు పూటలు పెడితే మార్కులను నార్మలైజ్ చేస్తారు. అప్పటిదాకా స్నేహితులతో వేసుకునే లెక్కలన్నీ ఊహలే.

అపోహ: అయిపోయినదాన్ని తవ్వుకుని లాభం లేదు.

వాస్తవం: తెల్లారితే ఇంకో సెమిస్టర్ పరీక్ష ఉంటే నిజమే, పుస్తకం మూసి పడుకోండి. గేట్ తర్వాత మాత్రం ఆ తప్పులను మరిచిపోకముందే కాగితం మీద పెట్టండి. ఒక్కోదాని పక్కన తెలియకా, తొందరలోనా, టైం చాలకా అని రాయండి. మళ్లీ గేట్ రాయకపోయినా ఆ కాగితం వృథా కాదు. రేపు మీరు గీసే వంతెన డ్రాయింగులో అదే యూనిట్ల తప్పు దొర్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేది, ఆ రోజు ఆటోలో కలిగిన ఉలికిపాటే.