బ్యాటు ఎవరిదైతే వాడే కెప్టెనా?

మొన్న సంక్రాంతికి చోడవరం దగ్గర వడ్డాది వెళ్ళాను. ఊరి బయట, కోతలైన పొలంలో, కుర్రాళ్ళు మూడు చెరుకు గడలు పాతి క్రికెట్టుకు సిద్ధమై వున్నారు. ఆట మాత్రం సాగడం లేదు. తగవు సాగుతున్నది. కనుమ నాడు పొరుగూరి జట్టుతో పందెమట. కెప్టెన్ ఎవరన్నది తేలలేదు.

"బ్యాటు మాదండీ మాస్టారూ! బంతి కూడా నేనే కొన్నాను. మరి కెప్టెన్ నేను కాకపోతే ఎవరండీ?" అన్నాడొకడు.

"బ్యాటుంటే సరిపోద్దేటండీ? ఎవుణ్ణి ఎక్కడ నిలబెట్టాలో ఆడికి తెల్దు!" అన్నాడు రెండోవాడు.

నాకు నవ్వొచ్చింది. ఈ తగవు వడ్డాదిలో పుట్టినది కాదు. ఏనాడో ఓడ ఎక్కి లండను దాకా వెళ్ళి వచ్చింది. అందులో పాత్రధారులు ఇద్దరు మనవాళ్ళే. ఒకరు పొరుగునున్న విజయనగరం రాజకుమారులు. మరొకరు బందరు ప్రాంతపు కుటుంబంలో, నాగపూరులో పుట్టిన కొట్టారి కనకయ్య నాయుడు గారు.

నాయుడుగారి ఆట గురించి ఒక్క ముక్క చెబితే చాలు. 1926 డిసెంబరులో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుమీద బొంబాయిలో రెండు గంటలలోపే 153 పరుగులు తీశారు. అందులో సిక్సర్లే 11! భారతదేశాన్ని టెస్టు దేశంగా గుర్తించడానికి ఆ ఇన్నింగ్సు ఎంతో తోడ్పడిందంటారు.

1932లో మన జట్టు తొలి టెస్టు ఆడడానికి ఇంగ్లండు బయలుదేరింది. మరి కెప్టెన్? ఆ రోజుల్లో డబ్బు పెట్టేది సంస్థానాధీశులు. కాబట్టి పెత్తనమూ వారిదే. మొదట పటియాలా మహారాజా అన్నారు. ఆయన తప్పుకున్నారు. ఆ మీదట పోరుబందరు మహారాజా కెప్టెన్, లింబ్డీ రాజవంశీకులు ఘనశ్యామ్‌సింహ్‌జీ వైస్ కెప్టెన్. మన విజయనగరం రాజకుమారులు, అందరూ 'విజ్జీ' అని పిలిచే పూసపాటి విజయానంద గజపతిగారికి ఆ తరువాతి పదవి ఇచ్చారు. ఆయన వెళ్ళనే లేదు.

పోరుబందరు మహారాజా ఆ పర్యటనలో ఫస్టుక్లాసు మాచ్‌లలో తీసిన పరుగులు మొత్తం రెండు! అయినా ఆయనను చూసి నవ్వడానికి లేదు. తన ఆట ఎంతటిదో తాను ఎరిగిన మనిషి. లార్డ్సులో టెస్టు వేళకు తానే పక్కకు తప్పుకున్నారు. లింబ్డీకి నడుము నొప్పి. ఆ విధంగా 1932 జూన్ 25న భారతజట్టును నడిపిస్తూ మైదానంలోకి దిగినవారు సి.కె. నాయుడు. ఆయన కింద ఆడడం కొందరికి రుచించలేదని కూడా అంటారు. కాని ఆట మొదలై ఎంతోసేపు కాకుండానే ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకున్నది. చేతికి దెబ్బ తగిలినా నాయుడుగారు మొదటి ఇన్నింగ్సులో మన జట్టులో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు తీశారు. చివరకు 158 పరుగుల తేడాతో ఓడిపోయాము. అయినా పరువు దక్కింది.

మళ్ళీ 1936లో ఇంగ్లండు పర్యటన. తొలుత కెప్టెనుగా నిర్ణయమైన పటౌడీ నవాబు తప్పుకున్నారు. అప్పుడు బోర్డులో పావులు కదిపి, ఓట్లు కూడగట్టి గెలిచినవారు విజ్జీ. నాలుగేళ్ళనాటి కెప్టెన్ నాయుడుగారు ఆయన కింద ఆటగాడిగా ఓడ ఎక్కారు.

తరువాతి కథ మన ప్రాంతం వారికి చెప్పుకోవడానికి కాస్త కష్టమే. జట్టు రెండుగా చీలింది. మంచి ఊపు మీదున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. మూడు టెస్టుల్లో రెండు ఓడాము, ఒకటి డ్రా. విజ్జీ ఆరు ఇన్నింగ్సులలో తీసినవి 33 పరుగులు. ఆ ఏడే ఆయనకు 'సర్' బిరుదు వచ్చింది. మరుసటి ఏడు బోమంట్ కమిటీ, ఫీల్డర్లను నిలబెట్టడంలోనూ బౌలర్లను మార్చడంలోనూ కెప్టెనుకు అవగాహన లేదని తేల్చింది. సరిగ్గా వడ్డాది కుర్రవాడు పెట్టిన ఫిర్యాదే!

అలాగని విజ్జీని తీసిపారేస్తే అన్యాయమవుతుంది. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మహామహులను పిలిపించి తన జట్టులో ఆడించారు. తరువాత బోర్డు అధ్యక్షులయ్యారు. విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయనకు క్రికెట్టంటే ప్రాణం. ఆ ప్రాణం కెప్టెన్ పదవి మీదికి పోవడమే వచ్చిన చిక్కు. మరొక చిత్రం వినండి. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టినప్పుడు నాయకుడు నాయుడుగారే. 1956-57లో, 61 ఏళ్ళ వయసులో, ఉత్తరప్రదేశ్ జట్టు తరఫున రంజీ ఆడారు. ఆ రాష్ట్రపు క్రికెట్టుకు పెద్దదిక్కు ఎవరనుకున్నారు? విజ్జీయే!

రాజుల కాలం పోయినంత మాత్రాన కెప్టెన్ తగవులు పోలేదు. 1958-59లో వెస్టిండీసు మన దేశానికి వచ్చినప్పుడు అయిదు టెస్టులకు నలుగురు కెప్టెన్లు! వారిలో హైదరాబాదు ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ ఒకరు. 1971లో సెలక్టర్ల అధ్యక్షుడు విజయ్ మర్చంట్ తన నిర్ణాయక ఓటుతో పటౌడీ కుమారుణ్ణి కాదని వాడేకర్‌ను ఎంపిక చేశారు. ఎంత గోల జరిగిందని! ఆ ఏడే వెస్టిండీసులోనూ ఇంగ్లండులోనూ గెలిచి వచ్చారు. ఆ మర్చంట్ 1936లో విజ్జీ కింద ఆడినవారే. చెడ్డ ఎంపిక ఫలితం దగ్గరుండి చూసినవారు.

ఆ పటౌడీయే హైదరాబాదు తరఫున జయసింహ నాయకత్వంలో ఆడారు. దేశానికి కెప్టెనైన మనిషి, దేశానికి ఎన్నడూ కెప్టెన్ కాని మనిషి చెప్పినచోట నిలబడ్డాడు! ఇక సికింద్రాబాదులో ఆట నేర్చిన మిథాలీ రాజ్ 2005లోనూ 2017లోనూ మహిళల జట్టును ప్రపంచకప్ ఫైనలుకు చేర్చింది. ఆమెను ఆ పదవికి తెచ్చింది బ్యాటే. అయితే బ్యాటు ఉండడం కాదు, దానితో ఆడడం.

ఇప్పుడు కెప్టెన్‌ను సెలక్టర్లు నిర్ణయిస్తారు. ప్రతిసారీ వీధి అరుగు మీద అందరమూ సెలక్టర్లమే అవుతాము. పరుగులు లెక్కపెడతాము, మనవాడా కాదా అని చూస్తాము. వాడు చెబితే తక్కిన పదిమంది మనసారా వింటారా అన్నది మాత్రం చాలాసార్లు మరచిపోతాము.

కుర్రాళ్ళకు ఇదంతా క్లుప్తంగా చెప్పాను. బ్యాటు గలవాడు చాలాసేపు మాట్లాడలేదు. గట్టుమీద కూర్చుని గడ్డి పరకలు తుంచాడు. ఆఖరికి, "ఆ పోరుబందరు రాజుగారు తప్పుకున్నాక, ఆయన్ని ఎవరైనా చిన్నచూపు చూశారాండీ?" అని అడిగాడు.

"లేదు బాబూ. ఇన్నేళ్ళ తరువాత కూడా నీకు చెబుతున్నాను కదా!" అన్నాను.

వాడు లేచి, బ్యాటు తీసుకెళ్ళి రెండోవాడి చేతిలో పెట్టాడు. "కెప్టెన్ నువ్వే. కాని మొదటి బ్యాటింగు నాదిరా!" అన్నాడు.

దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.