ధాతువు – మాలిన్యం

లోహాన్ని లాభసాటిగా రాబట్టగల ఖనిజం ధాతువు. దానిని అంటిపెట్టుకొని వెలువడే నిరుపయోగమైన రాతిభాగం ఖనిజ మాలిన్యం. పల్నాటి అగ్నిగుండాల ప్రాంతంలో ఈ సహవాసం స్పష్టంగా కనబడుతుంది. అక్కడి బండ్లమోటులో సీసపు ధాతువైన గెలీనా డోలమైటు శిలల్లో ఇమిడి ఉంది. సమీపంలోని ధూకొండ, నల్లకొండలలో రాగినిచ్చే చాల్కోపైరైటు లభిస్తుంది.

గెలీనాను చేతిలోకి తీసుకోగానే దాని బరువే దానిని పట్టిస్తుంది. అది నీటికంటె సుమారు 7.5 రెట్లు బరువైనది. సుత్తితో కొడితే చిన్న చిన్న ఘనాలుగా చీలుతుంది. చాల్కోపైరైటు ఇత్తడి వన్నెతో బంగారమన్న భ్రాంతి గొలుపుతుంది. నునుపుచేయని పింగాణీ పలకపై గీస్తే బంగారం పసుపు గీతనూ, ఇది పచ్చని ఛాయగల నల్లగీతనూ వదులుతాయి. రంగుకంటె గీతే నమ్మదగిన సాక్షి.

మాలిన్యాలలో పలుగురాయి గాజును గీస్తుంది. కాల్సైటు చాకుమొనకే గీరుపడుతుంది; విలీన హైడ్రోక్లోరికామ్లపు చుక్క పడగానే బుసబుస పొంగుతుంది. డోలమైటు పొడిచేస్తేగాని అంతగా పొంగదు.

అయితే మాలిన్యమన్న పేరు ఏ రాతికీ పుట్టుకతో వచ్చినది కాదు. పలు దేశాల సీసపు గనులలో ముగ్గురాయి మాలిన్యంగా పక్కకు నెట్టబడింది. కడప సీమలోని మంగంపేటలో మాత్రం ఆ ముగ్గురాయి కోసమే గనులు తవ్వుతున్నారు. చమురుబావులు తొలిచేటప్పుడు వాడే బురదకు బరువు చేకూర్చేది దాని పొడియే.