మీకు తెలుసా? బొమ్మ ఆగితే పాటా ఆగుతుంది!

కంప్యూటర్ నుంచి హోమ్ థియేటర్‌కు వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో ధ్వనికంటూ వేరే తీగ లేదు. బొమ్మలో ఒక వరుస పూర్తయి మరో వరుస మొదలయ్యేలోపు దొరికే ఖాళీలోనే ధ్వని ప్యాకెట్లు ప్రయాణిస్తాయి. ఎంత చక్కని ఏర్పాటో! కంప్యూటర్‌ దృష్టిలో హోమ్ థియేటర్ రిసీవర్ కూడా ఒక తెరే. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేస్తే స్పీకర్లూ మూగబోతాయి.

ఈ కేబుల్ 8 చానెళ్ల ధ్వనిని కుదించకుండా మోయగలదు. అయినా 5.1 స్పీకర్లలో రెండే మోగుతున్నాయా? ఎన్ని చానెళ్లు పలికించగలదో అవతలి పరికరమే ఈడీఐడీ అనే సమాచార పట్టిక ద్వారా కంప్యూటర్‌కు చెబుతుంది. చాలా టీవీలు స్టీరియో అనే చెబుతాయి. అందుకే కేబుల్‌ను ముందు రిసీవర్‌కు, అక్కడి నుంచి టీవీకి కలపండి. తర్వాత విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌గా రిసీవర్‌నే ఎంచుకోండి.