రేడార్ మాటలు వినేవాళ్లు

2025 మే 8, 9 తేదీల మధ్య రాత్రి లేహ్ నుంచి సర్‌క్రీక్ దాకా 36 చోట్ల పాకిస్తాన్ డ్రోన్లు మన గగనతలంలోకి చొరబడ్డాయి. అవి మూడు నాలుగు వందలు ఉంటాయని, మన గగనతల రక్షణను పరీక్షించి సమాచారం రాబట్టడానికే వాటిని పంపి ఉంటారని మర్నాడు సైన్యం వెల్లడించింది. కూల్చేస్తారని తెలిసినా పంపారంటే, కూలే డ్రోన్ కూడా పనికొస్తుందన్నమాట.

డ్రోన్‌ను గురిచూసి కొట్టాలంటే సాధారణంగా రేడార్ ఆన్ చేయాలి. చేసిన క్షణం నుంచి అది ఎక్కడుందో, ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తోందో అవతలివాడు పసిగట్టగలడు. పైగా భౌతికశాస్త్రం వినేవాడి పక్షానే ఉంటుంది. విశాఖ శివారు పెందుర్తిలో ఒక రేడార్ ఉందనుకుందాం. దాని తరంగం విమానాన్ని తాకి వెనక్కి రావాలి. దూరం రెట్టింపైతే ఆ ప్రతిధ్వని బలం పదహారో వంతుకు పడిపోతుంది. విమానంలోని రిసీవర్‌కు చేరాల్సింది ఒకవైపే కాబట్టి, దానికి అందే సిగ్నల్ నాలుగో వంతుకు తగ్గుతుందంతే. అందుకే శ్రీకాకుళం అవతల ఎత్తున ఎగిరే విమానం రేడార్‌కు చిక్కకపోయినా, ఆ రేడార్ ఉనికి విమానానికి తెలిసిపోవచ్చు.

1982 జూన్ 9న లెబనాన్‌లోని బెకా లోయలో ఇజ్రాయెల్ చేసింది ఇలా రేడార్లను ఆన్ చేయించి జాడ పట్టడమే. ముందు పైలట్ లేని ఉత్తుత్తి విమానాలు వెళ్లాయి. అక్కడున్న సిరియా రేడార్లు మేల్కొన్నాయి, క్షిపణులు వాటి మీదే ఖర్చయ్యాయి. వెనకే అసలు దాడి జరిగింది. ఉన్న 19 క్షిపణి బ్యాటరీల్లో 17 ఆ ఒక్కరోజే ధ్వంసమయ్యాయి.

వినేవాడికి అబద్ధం వినిపించడమూ ఒక వ్యూహమే. దాన్ని విశాఖ 1971 యుద్ధంలోనే చూసింది. విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడేందుకు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విక్రాంత్‌ను దూరంగా అండమాన్ వైపు పంపి, పాత నౌక రాజ్‌పుత్‌తో విక్రాంతే ఇక్కడున్నట్టు వైర్‌లెస్ సందేశాలు నడిపించారు. డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ తీరం దగ్గరే మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల కథనాలు వేరు. అది వేటాడిన నౌక మాత్రం అక్కడ లేనే లేదు.

వినేవాడికి తక్కువ వినిపించడం మరో దారి. ఇప్పటి ఏర్పాట్లలో రేడార్లన్నీ ఒకేసారి ఆన్ చేయాల్సిన పనిలేదు. ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎల్ తయారుచేసిన ఆకాశ్‌తీర్ వ్యవస్థ, ఒక రేడార్ చూసినదాన్ని మిగతా దళాలకూ అందిస్తుంది. కొన్ని ఫ్రీక్వెన్సీలను నిజమైన యుద్ధం కోసమే దాచి, శాంతికాలపు విన్యాసాల్లో అసలు వాడరు. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్ రూపొందించిన ఆకాశ్ క్షిపణుల లాంచర్లు, రేడార్లు వాహనాల మీదే ఉంటాయి. జాడ బయటపడిందనుకుంటే చోటు మార్చేస్తారు, డ్రోన్లతో శత్రువు గీసుకున్న మ్యాప్‌కు తెల్లారేసరికి కాలం చెల్లుతుంది.