శ్వాసనాళములకు కావలికాయు కణములు

మానవుడు దినమునకు సుమారు 10,000 లీటర్ల గాలిని పీల్చుచున్నాడు. గాలితోబాటు దుమ్ము, పొగ, కంటికి కానరాని క్రిములును లోనికి పోవుచుండును. అయినను మనము నిత్యము జబ్బుపడుట లేదు. శ్వాసనాళముల లోపొరయందలి కణములు క్రిమినాశక పదార్థములను తామే తయారుచేసి శ్లేష్మములోనికి వదలుటయే దీనికొక ముఖ్యకారణము. ఇవి మిక్కిలి చిన్నవైన మాంసకృత్తులు. శాస్త్రజ్ఞులు వీనిని పెప్టైడులందురు.

శస్త్రచికిత్స చేసిన కప్పలను మురికినీటి తొట్టెలో విడిచినను వాని గాయములు చీముపట్టక మానుచుండుటను అమెరికా శాస్త్రజ్ఞుడు మైకేల్ జాస్లాఫ్ గమనించి, 1987లో కప్ప చర్మమునుండి ఇట్టి పెప్టైడులను వెలికి తీసెను. మన పొలముగట్లపై గంతులిడు ప్రాణి ఇంత పాఠము చెప్పునని ఎవరనుకొందురు! మానవ శరీరములోని ఎల్.ఎల్. 37 అను పెప్టైడు 1995లో వెల్లడియైనది. అందు 37 ఆమినో ఆమ్లములున్నవి. డిఫెన్సినులనునవి మరియొక తెగ. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందును ఈ పెప్టైడులపై పరిశోధనలు జరిగినవి.

పెప్టైడులకు ధనవిద్యుదావేశము, క్రిముల పైపొరకు ఋణావేశము ఉండును. అందుచే పెప్టైడులు క్రిమికి అంటుకొని, దాని పొరను తూట్లుపొడిచి చంపును. అంతటితో వాని పని ముగియదు. శ్వాసనాళకణములను అవి ప్రేరేపింపగా, ఆ కణములు ఇంటర్లూకిన్-8 అను సంకేతపదార్థమును విడుచును. ఆ పిలుపునందుకొని తెల్లరక్తకణములు అచటికి చేరును. వాపు, మంట, తెమడ అప్పుడే కలుగును. దీనినే శోథమందురు. జలుబు చేసిన కొన్నిదినములకు తెమడ పచ్చబడుటకు ఈ తెల్లకణములే కారణము. పచ్చని తెమడ కనబడినంతనే అంగడికి పోయి యాంటీబయాటిక్ మాత్రలు కొని మ్రింగు అలవాటు మనలో హెచ్చుగా నున్నది. కాని సామాన్యపు జలుబు వైరసువలన వచ్చునది. ఆ మాత్రలు దానిపై పనిచేయవు.

విచిత్రమేమనగా, శోథమును రేపునట్టి ఎల్.ఎల్. 37 దానిని చల్లార్చనుగలదు. కొన్ని క్రిముల పొరలనుండి వెలువడు విషమును అది పట్టివేసి, శరీరము అతిగా ఉద్రేకపడకుండ చేయును. ఇదంతయు మోతాదుపై ఆధారపడియుండును. తెల్లకణములు తమవెంట మరికొన్ని పెప్టైడులను తెచ్చును. క్రిములు నశించి తెల్లకణములు తొలగిపోయినచో మంచిదే. అవి నెలల తరబడి అచటనే నిలిచినచో, పెప్టైడులు మితిమీరి మన కణములనే గాయపరచును. గాయపడిన కణములు మరల సంకేతములు పంపును. మరల తెల్లకణములు వచ్చును.

ఈ సందర్భమున పొగనుగూర్చి చెప్పక తప్పదు. సిగరెట్టు పొగ తగిలిన శ్వాసనాళకణములు క్రిములు వచ్చినప్పుడు ఒక రకపు డిఫెన్సినును తగినంత తయారుచేయజాలవని పరిశోధనలు తెలుపుచున్నవి. మరియొకవంక అదే పొగ తెల్లకణములను నిరంతరము రప్పించుచుండును. కావలి సడలినది, మంట మాత్రము ఆరలేదు. ఎన్నడును పొగత్రాగని స్త్రీలకు సైతము దీర్ఘకాలపు ఆయాసవ్యాధి కలుగుటకు గాలి ఆడని వంటయింటిలోని కట్టెపొయ్యి, పిడకల పొగ ఒక ప్రధానకారణము. గ్యాసుపొయ్యి వాడిన ఇండ్లలో ఈ పొగ ఉండదు. కట్టెపొయ్యి తప్పనిచోట పొగగొట్టము పెట్టించుట, పసిబిడ్డలను పొయ్యికి దూరముగా నుంచుట సాధ్యమైన పనులే. రెండువారములకు మించి దగ్గు తగ్గనిచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి తెమడ పరీక్ష చేయించుకొనవలెను. క్షయవ్యాధి కూడ ఇట్లే మొదలగును. ఈ పరీక్షకు అచట రుసుము లేదు.