ఇంగ్లీషు పేపరు - మన ఇంటి ఉదాహరణలు

సైన్సు చదివేవాళ్లకు ఇంగ్లీషు సాహిత్యంతో పనేమిటని మిత్రులు చాలామంది అడుగుతుంటారు. భౌతికశాస్త్రంలో సూత్రం తెలిస్తే లెక్క నడుస్తుంది. ఇంగ్లీషులో సిమిలీ, మెటఫర్, ఐరనీ, థీమ్ అన్న మాటలకు నిర్వచనాలు బట్టీ పట్టినా, తెలియని పద్యం ఇచ్చి "ఇందులో ఏమున్నది?" అంటే కలం ఆగిపోతుంది. పల్లెటూరి బడిలో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. ఆ ఒక్క పేపరు గట్టెక్కక డిగ్రీ చేతికి రానివాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. నేనూ రైతుబిడ్డనే. నాకు పనికివచ్చిన మార్గం ఒకటి రాస్తున్నాను: ప్రతి పదానికీ మన ఇంటి ఉదాహరణ ఒకటి పెట్టుకోవాలె.

ఇది కొత్త సంగతి కాదు. ఇలాంటి పదాలకు లక్షణాలు చెప్పే గ్రంథం ఒకటి మన ఓరుగల్లులోనే పుట్టింది. కాకతీయ ప్రతాపరుద్రుడు (1289-1323) ఏలిన కాలంలో ఆస్థానకవి విద్యానాథుడు సంస్కృతంలో 'ప్రతాపరుద్రీయం' రచించాడు. నాయకుడు మొదలుకొని రసం, దోషం, గుణం, అలంకారాల దాకా తొమ్మిది ప్రకరణాలు. విశేషమేమంటే ఉదాహరణలు ప్రతాపరుద్రుని మీదనే. నాటక లక్షణాల కోసం ఆయనే నాయకుడుగా ఐదంకాల నాటకం కూడా అందులో చేర్చాడు. విద్యానాథుని కళ్లముందు రాజున్నాడు. మన కళ్లముందు పొలమున్నది.

సిమిలీ అంటే ఉపమ. "నాయన అరచేతులు బీడుభూమి లాగ పగిలినయి." అరచేతులు ఉపమేయం, బీడుభూమి ఉపమానం, పగలడం సమానధర్మం, 'లాగ' ఉపమావాచకం. ఇంగ్లీషులో ఆ 'లాగ' అనే మాటను పట్టుకుంటే సిమిలీ దొరికినట్టే.

మెటఫర్‌ను రూపకం అంటారు గాని, రెండింటి కొలతా ఒకటి కాదు. "ఆ అప్పు మా ఇంటికి పట్టిన జలగ" అంటే రూపకం. అప్పూ ఉన్నది, జలగా ఉన్నది. అప్పు మాటే ఎత్తకుండా "జలగ ఇంకా వదల్లేదు" అంటే మన అలంకారశాస్త్రంలో అది రూపకాతిశయోక్తి. ఇంగ్లీషువాళ్లకు రెండూ మెటఫరే. ఈ తేడా తెలియకపోతే పద్యంలో సగం మెటఫర్లు కంటికి కనబడవు.

సైన్సులోనూ మెటఫర్లు ఉన్నయి. కరెంటును 'ప్రవాహం' అన్నాము. అది నీటి మాట. 'అయస్కాంత క్షేత్రం' అన్నప్పుడు క్షేత్రమంటే పొలమే, ఇంగ్లీషు 'ఫీల్డ్' కూడా పొలమే. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, ఆ చిన్న చిన్న గదులకు 'సెల్' అని పేరు పెట్టాడు. ఇక మనకు సాహిత్యంతో పని లేదని ఎట్ల అంటాము?

ఐరనీ చాలామందిని తికమక పెడుతుంది. ఎండిన మడి చూపించి "మస్తు పండింది" అంటే మాటలోని ఐరనీ. పొగడ్త వేషంలో నింద గనుక మన వ్యాజస్తుతికి దగ్గర. మాటలో కాక సంఘటనలోనే ఉండే ఐరనీ వేరు. వానలు కురిసి పత్తి విరగకాసిన ఏడు, అందరికీ పండింది గనుక ధర పడిపోతుంది. పంట లేక ఏడ్చే రైతు పంట ఉండి కూడా ఏడుస్తాడు. దీనికి నిర్వచనం అవసరం లేదు, మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. తెలియనిదల్లా దీన్ని ఐరనీ అంటారన్న సంగతే.

ప్లాట్, థీమ్ ఒకటి కావు. రైతు అప్పు చేసి బావి తవ్వించాడు. నీళ్లు పడలేదు గనుక ఎడ్లను అమ్మాడు. ఎడ్లు లేవు గనుక పొలం కౌలుకిచ్చాడు. ఆ 'గనుక'లన్నీ కలిస్తే ప్లాట్. ఒక్క ఆశ మీద బతుకంతా పందెం కాయడం థీమ్.

చదవడానికి, రాయడానికి సంబంధించిన పదాలు ఇంకా సులువు. పేపరు తిరగేసి దేశంలో ఏం జరుగుతున్నదో చూసుకోవడం స్కిమ్మింగ్. మార్కెట్ ధరల్లో మిర్చి ఒక్కటే వెతకడం స్కానింగ్. కొండ మీద పొగ చూసి నిప్పున్నదని తెలుసుకోవడం ఇన్ఫరెన్స్. మన తర్కశాస్త్రంలో అనుమానం అంటే ఇదే. పద్యానికి సొంత మాటల్లో తాత్పర్యం రాస్తే పారాఫ్రేజ్. ఉన్న విషయం పోకుండా మూడోవంతుకు కుదిస్తే ప్రెసీ.

మిత్రులకు నా మనవి ఒక్కటే. పరీక్ష దగ్గరపడకముందే నోటుపుస్తకంలో ఒకవైపు ఇరవై ఇంగ్లీషు పదాలు, ఎదురుగా ఇరవై మన మాటలు రాసుకోండి. జవాబు ఇంగ్లీషులోనే రాయాలె, నిజమే. కాని ముందు గుర్తుపట్టాలె. ఆ గుర్తుపట్టే పని మన భాషలో జరిగితే తప్పేమీ లేదు.