గెలిచినవాని దుఃఖం

జయాపజయాలు దైవాధీనాలని పెద్దలన్నారు. కాని గెలిచినవాడు తన గెలుపును ఎట్లు భరించినాడన్నది దైవాధీనం కాదు. అది అతని సంస్కారాన్ని బట్టి ఉంటుంది. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశపు ఫుట్‌బాల్ నాయకుడు ఒబ్దూలియో వరేలా జీవితం ఇందుకు నిదర్శనం.

వరేలా 1917లో మాంటెవిడియో నగరంలో పేద కుటుంబంలో జన్మించినాడు. బాల్యంలో వీధి వీధి తిరిగి వార్తాపత్రికలు అమ్మినాడు. 1938లో వాండరర్స్ జట్టులోను, 1943లో సుప్రసిద్ధమైన పెనరోల్ జట్టులోను చేరినాడు. అతనిది సెంటర్ హాఫ్ స్థానం. మైదానం నడుమ నిలిచి, ఎదుటివారి దాడిని అడ్డగించి, బంతిని తనవారికి అందించుట అతని పని. అతని కంఠం వినిపిస్తే జట్టంతా కదిలేది. నల్లజాతి రక్తం గల అతనిని జనం ‘నల్ల నాయకుడు’ అని గౌరవంతో పిలుచుకొన్నారు.

1948లో ఉరుగ్వే ఆటగాండ్రు తమ హక్కులకై సమ్మె కట్టినప్పుడు ముందు నిలిచినవాడు అతడే. ఆ సమ్మె మాసాల తరబడి సాగినది. తరువాత పెనరోల్ వారు చొక్కాలపై వ్యాపార ప్రకటనలు వేయించగా, తక్కినవారందరు తొడిగినను వరేలా తొడుగలేదు. నల్లవారిని ముక్కుతాడు వేసి ఈడ్చిన కాలం గడచిపోయినదని అతని సమాధానం.

1950 ప్రపంచ కప్పు పోటీలు బ్రెజిల్ దేశంలో జరిగినవి. చివరి ఆట సమానంగా ముగిసినా కప్పు బ్రెజిల్‌దే. ఉరుగ్వేకు గెలుపు తప్ప గత్యంతరం లేదు. జులై 16న రియో నగరంలోని మరకానా క్రీడాంగణంలో దాదాపు రెండు లక్షల జనం క్రిక్కిరిసినారు. ఆట మొదలు కాకముందే నగరాధిపతి తన ప్రసంగంలో బ్రెజిల్ ఆటగాండ్రను విజేతలని కీర్తించినాడు.

విరామం తరువాత రెండు నిమిషాలకే బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోలు చేసినాడు. ఆకాశం దద్దరిల్లినది. వరేలా తొందరపడలేదు. బంతిని చంకన పెట్టుకొని మెల్లగా నడచిపోయి, అది ఆఫ్‌సైడ్ అని ఆంగ్లేయుడైన రిఫరీతో వాదానికి దిగినాడు, దుబాసీని పిలిపించమన్నాడు. గోలు రద్దు కాదని అతడెరుగును. జనఘోష చల్లారవలె, తనవారి గుండెలు కుదుటపడవలె: అంతే అతడు కోరినది. ఆ కోరిక ఫలించినది. 66వ నిమిషంలో స్కియాఫినో, 79వ నిమిషంలో గిజియా చెరియొక గోలు చేసినారు. మరకానా మూగవోయినది.

ఆ రాత్రి ఉరుగ్వే అధికారులు ఉత్సవం చేసికొన్నారు. వరేలా మాత్రం బసను వీడి రియో వీధులలోనికి పోయినాడు. ఒక పానశాలలో బ్రెజిల్ పౌరులు కన్నీరు కార్చుచుండగా చూచినాడు. తమ జట్టును ఓడించినవాడని గుర్తుపట్టియు వారతనిని దూషించలేదు. కౌగిలించుకొని తమ సరసన కూర్చుండబెట్టుకొన్నారు. తెల్లవారువరకు అతడు వారితోనే ఉన్నాడు. ఇంతమందికి ఈ దుఃఖం తన చేతులతో తెచ్చిపెట్టితినే అన్న బాధ అతనిని జీవితాంతం విడువలేదు.

తనకు ముట్టిన బహుమతి సొమ్ముతో 1931 నాటి పాత ఫోర్డు కారు కొన్నాడు. వారం తిరుగకముందే దొంగలు దానిని ఎత్తుకొనిపోయినారు. 1954లో స్విట్జర్లాండులో ఇంగ్లండుపై గోలు చేసి గాయపడినాడు. అతడు లేని తరువాతి ఆటలో ఉరుగ్వే హంగరీ చేతిలో ఓడినది. ప్రపంచ కప్పులో వరేలా ఆడిన 7 ఆటలలో ఒక్కటైనను ఉరుగ్వే ఓడలేదు.

1955లో ఆట విరమించినాడు. సంపద కూడలేదు, సన్మానాలకు దూరంగా నిరాడంబరంగా బ్రతికినాడు. ఆ చివరి ఆట మరల ఆడవలసివస్తే తన గోలులోనే బంతి వేసికొందునని అర్జెంటీనా రచయిత ఒస్వాల్డో సొరియానోతో అన్నాడు. 1996 ఆగస్టు 2న మాంటెవిడియోలో కన్నుమూసినాడు.

ఉరుగ్వే ప్రజలు అతనిని మరకానా విజేతగా తలచుకొంటారు. అతడు మాత్రం మరకానాను తలచినప్పుడెల్లా తలచుకొన్నది ఆ పానశాలలోని మనుష్యులను.